ఇయ్యనన్న తమ్ముడు

నర్సింగ్ పాసై కొత్తగా డయాలసిస్ వార్డులో డ్యూటీ పడిన పిల్లలు అప్పుడప్పుడు నల్గొండలో మా ఇంటికి వస్తుంటారు. మిషన్ గురించి నన్నేమీ అడగరు. దాని గురించి వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. వాళ్లడిగేది మనుషుల గురించి. పేషెంటు వెంట వచ్చేవాళ్లలో ఎవరి మాట నమ్మాలి, ఎవరికి మందులు అప్పజెప్పాలి, ఎవరి ఏడుపు నిజం, ఎవరిది కాదు. "ఇన్నేండ్లు చూసిండ్రు గద మేడం, మొకం చూస్తే తెలుస్తదా?" అని మొన్న ఒక పిల్ల అడిగింది.

"తెలియదు బిడ్డా" అన్నాను. మొహం చూస్తే తెలిసేదే అయితే నాకు ఇంత అలసట ఉండేది కాదు.

ఆ పిల్ల చాయ్ సగం వదిలేసి వెళ్లిపోయింది. తర్వాత నాకే బాధనిపించింది. అంత దూరం నుంచి వచ్చి అడిగితే ఒక్క మాటతో పంపేశాను. అందుకే ఇది రాస్తున్నాను. నేనెప్పుడు హెడ్‌నర్సునయ్యాను, ఏ బదిలీ ఎవరు ఆపారు, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ ఇందులో ఉండవు. వాటితో మీకు పనిలేదు, నాకూ పెద్దగా పనిపడలేదు. ఓపిక కూడా లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఇంట్లో కుక్కర్ కూస్తే మిషన్ అలారం అనుకొని ఇప్పటికీ లేచి నిలబడతాను. ఉన్న ఓపికతో ఒక ఇంటివాళ్ల సంగతి చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా పేర్లు, పనులు మార్చాను.

ఒక రోజుకు సరిపోయే ప్రేమ

దానికి ముందు చిన్న మాట ఒకటి.

నల్గొండకు రాకముందు నేను కొల్లాపూర్‌లో పనిచేశాను. తెలంగాణ వచ్చిన కొత్త. ఒక వానాకాలం కృష్ణ ఒడ్డు పల్లె నుంచి ఒకతను తల్లిని వీపున వేసుకొని దవాఖానకు వచ్చాడు. వాగు పొంగి రోడ్డు తెగిపోయింది, బండ్లు నడిచే దారి లేదు. నడుముల్లోతు నీళ్లలో ఆమెను మోసుకొచ్చి, మా బల్ల మీద పడుకోబెట్టి, పక్కనే నేల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లో బురద ఎండిపోయి ఉంది. ఎవరో ఫోటో తీశారు. మరునాటికి ఆ ఫోటో ఊరందరి ఫోన్లలో తిరిగింది. కొడుకంటే ఇట్లా ఉండాలన్నారు.

ముసలమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. రెండు రోజులైనాక కొడుకు కనబడలేదు. బట్టలు మార్చింది, బెడ్‌పాన్ పెట్టింది, గంజి తాగించింది కోడలు. ఆమె అత్త మీద సణుగుతూనే ఇవన్నీ చేసేది. ఆమె ఫోటో ఎవరూ తీయలేదు.

మా సూపరింటెండెంట్ సర్జన్. కోపిష్టి. కత్తెర సరిగ్గా అందించకపోతే ట్రే విసిరికొట్టే మనిషి. ఒకరోజు ఆయన చేతులు కడుక్కుంటుంటే నేను ఊరుకోలేక, "ఆ కొడుకుదంతా నాటకం సార్" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, "వాగుల ఎవడన్న నాటకం ఆడ్తడామ్మా?" అన్నాడు. "జారితే ఇద్దరూ పోతుండె. వాని ప్రేమ నిజమే. కాకపోతే అది ఒక్కరోజుకు సరిపోయే ప్రేమ. కొందరి దగ్గర గంతే ఉంటది. వాళ్లను తిట్టకు. వాళ్ల మీద నెల రోజుల బరువు పెట్టకు, అంతే."

ఆయన కింద పనిచేసినన్ని రోజుల్లో నాతో నిదానంగా మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకుంటాను. ఆ మాట ఎంత లోతైనదో నల్గొండ వచ్చాక అర్థమైంది.

ఎవరూ బాగై పోని వార్డు

ప్రసూతి వార్డులో బిడ్డను ఎత్తుకొని పోతారు. సర్జరీ వార్డులో కుట్లు విప్పించుకొని పోతారు. డయాలసిస్ వార్డులో ఎవరూ బాగై పోరు. ఇవాళ రక్తం కడిగి పంపితే ఎల్లుండి మళ్లీ వస్తారు. ఏండ్ల తరబడి అదే బెడ్డు, అదే సూది, అదే చెయ్యి. ఒకరోజు రారు. అప్పుడు తెలుస్తుంది.

పేషెంటు రావాలంటే వెంట ఒక మనిషి రావాలి. మొదటి నెల ఇంటిల్లిపాదీ వస్తారు. కారు కిరాయికి మాట్లాడుకొని వస్తారు, టిఫిన్ డబ్బాలు తెస్తారు, కాళ్లు ఒత్తుతారు. మూడో నెలకు ఇద్దరు. ఏడాది తిరిగేసరికి ఒక్కరు. ఆ ఒక్కరు ఎవరవుతారో నేను ఎన్నడూ ముందుగా చెప్పలేకపోయాను. సైదులు విషయంలోనూ అంతే.

ముగ్గురన్నదమ్ములు

సైదులుది కట్టంగూర్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. ఆటో నడిపేవాడు. నలభై దాటాయో లేదో, రెండు కిడ్నీలూ పోయాయి. ఎప్పుడూ ఏదో ఒకటి నవ్వుతూ మాట్లాడే మనిషి. సూది గుచ్చేటప్పుడు కూడా, "సిస్టర్, మీటర్ ఏసినవా?" అనేవాడు. భార్య అండాలు. ఆమెకు షుగరు ఉండటంతో ఆమె కిడ్నీ తీసే వీలు లేదు. తల్లిదండ్రులు లేరు. ఇక మిగిలింది అన్న యాదగిరి, తమ్ముడు మల్లేశ్.

యాదగిరి ఊళ్లో పెద్దమనిషి. తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల. పంచాయితీలు చెప్పి చెప్పి గొంతు గంభీరంగా తయారైంది. వార్డులోకి వచ్చాడంటే ప్రతి బెడ్డు దగ్గరా ఆగి పలకరించేవాడు. పక్క బెడ్డు ఇస్మాయిల్ సాబ్‌ను "చాచా, ఎట్లున్నవ్?" అని భుజం తట్టేవాడు. డాక్టరుతో అందరికీ వినబడేటట్టు, "నా తమ్మునికి ఒక్కటేంది సారు, రెండూ తీసుకోండ్రి. వాడు లేంది నేను బతికి ఏం జేయాలె?" అన్నాడు. ఆ రోజు వార్డులో కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు.

మల్లేశ్‌కు హైవే మీద చిన్న వెల్డింగ్ షాపు. నిప్పురవ్వలు పడి చేతుల నిండా నల్లటి మచ్చలు. ఎవరినీ పలకరించడు. గోడకు ఆనుకొని నిలబడి ఫోన్ చూసుకుంటాడు. ఏమన్నా అడిగితే సగం మాట మింగి సగం చెప్తాడు. వార్డులో మా నర్సు పిల్లలకు అతనంటే పడేది కాదు. నాకూ అంతంతమాత్రమే.

రక్తం పరీక్షలో అన్నదమ్ములు ముగ్గురిదీ ఒకటే గ్రూపు వచ్చింది. ఆపరేషన్ హైదరాబాద్‌లో. దానికి ముందు మా దగ్గర ఒక పని జరిగేది. అది మీరు తెలుసుకోవాలి.

తలుపు వేసిన గది

వారానికోసారి హైదరాబాద్ నుంచి వచ్చే కిడ్నీ డాక్టరు సుధాకర్‌గారికి ఒక పద్ధతి ఉండేది. ఇస్తామన్నవాళ్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచేవారు. తలుపు వేయించేవారు. నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదు. అప్పుడు అందరికీ ఒకటే మాట చెప్పేవారు.

"ఇక్కడ మీరేం చెప్పినా ఈ గోడ దాటదు. ఇవ్వాలని లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఈయన కిడ్నీ పనికిరాదు అని మాత్రం బయట మేం చెప్తాం. ఎందుకు పనికిరాదో చెప్పం. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు."

బలవంతంగా ఎవరూ శరీరం కోయించుకోకూడదని ఆ దారి పెట్టారు. మంచి పద్ధతి. ఇప్పటికీ అదే మాట అంటాను.

మొదట యాదగిరి వచ్చాడు. డాక్టరు మాట విని, చాలాసేపు పైన తిరిగే ఫ్యాన్ వైపు చూశాడు. బయట ఉన్న గొంతు లోపల లేదు.

"ఇంట్ల ఆమె ఒప్పుకుంటలేదు సారు" అన్నాడు. మళ్లీ తనే, "నాక్కూడ షుగరొచ్చేటట్టే ఉన్నది" అన్నాడు. చివరికి నేల చూస్తూ, "మీరన్నట్టే చెప్పుండ్రి" అన్నాడు.

"సరే" అన్నారు డాక్టరు. ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

యాదగిరి లేచి, తువ్వాలతో మొహం తుడుచుకొని, తలుపు తీసుకొని బయటికి పోయాడు. గడప దాటాడో లేదో గొంతు మళ్లీ వచ్చింది. "తమ్మీ! నా కిడ్నీ నీకు పనికిరాదంట రా! గీ పానం ఉండి ఏం లాభం రా!" బెంచీ మీద కూలబడి గుండెలు బాదుకున్నాడు. అండాలు ఆయన కాళ్ల దగ్గర కూర్చొని ఏడ్చింది. వరండాలో వాళ్లంతా చుట్టూ చేరారు. ఇస్మాయిల్ సాబ్ బెడ్డు మీది నుంచే, "భాయ్ అంటే గిట్లుండాలె" అన్నాడు.

ఆ కన్నీళ్లు దొంగవని ఈరోజుకూ చెప్పలేను. తమ్ముడి మీద దుఃఖమూ అందులో ఉండొచ్చు.

తర్వాత మల్లేశ్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరు అదే మాట చెప్పారు. మల్లేశ్ వెంటనే అన్నాడు.

"నాకు భయమైతుంది సారు. నేనియ్య."

"భయం అందరికీ ఉంటుంది. దేనికి భయం?"

"మా నాయిన్ను హెర్నియా ఆపరేషన్‌కు తీస్కపోయిండ్రు. నడుచుకుంట లోపటికి పోయిండు. నాకు బిస్కిట్ పుడ తెస్తనన్నడు. తెల్లబట్ట కప్పి బయటికి తెచ్చిండ్రు. గప్పటిసంది దవాఖాన వాసనొస్తెనే నాకు కాళ్లు వణుకుతయి. ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలు, చిన్నోళ్లు. నేనియ్య సారు."

"మంచిది. పనికిరాదని చెప్తాం. నువ్వు ఫికర్ పడకు."

"ఒద్దు."

డాక్టరు తలెత్తారు. "ఏం?"

"పనికొచ్చేదాన్ని పనికిరాదని ఎందుకు చెప్పుడు? మా అన్న నన్ను నమ్ముకొని కూసున్నడు. నేనే చెప్త."

"బయట నిన్ను బతకనియ్యరు."

"అననియ్యుండ్రి."

పోయి నేరుగా సైదులు బెడ్డు ముందు నిలబడ్డాడు. మిషన్ నడుస్తోంది. అండాలు, యాదగిరి, ఊరి నుంచి వచ్చిన మనుషులు అందరూ అక్కడే ఉన్నారు. మల్లేశ్ కాళ్లు నిజంగానే వణకడం నేను చూశాను.

"అన్నా, నాది పనికొస్తదేమో. కని నేనియ్య. నాకు భయం."

సైదులు కళ్లు మూసుకున్నాడు. అండాలు, "నీ బతుకు మీద దుబ్బ పొయ్య!" అని కేక పెట్టింది. అప్పుడు యాదగిరి ముందుకొచ్చి, "నీ అసొంటోడు మా ఇంట్ల ఎట్ల పుట్టిండురా!" అని తమ్ముడి చెంప మీద కొట్టాడు.

ఆ చప్పుడుకు డాక్టరు కూడా వార్డు గుమ్మంలోకి వచ్చారు. నేను డాక్టరు వైపు చూశాను. ఆయన నా వైపు చూసి, తల కొద్దిగా అడ్డంగా ఊపి, వెళ్లిపోయారు. చెప్పకూడదని దాని అర్థం. నాకు తెలుసు. ఈ వృత్తిలో ఇంజెక్షన్ కన్నా కష్టమైన పని నోరు మూసుకోవడం. అది ఎవరూ నేర్పరు.

మల్లేశ్ చెంప పట్టుకోలేదు. నా వైపు తిరిగి, "ఈయనది ఎప్పుడైపోతది సిస్టర్? నేను బండి తెస్త" అన్నాడు.

ఇది చదివి ఆ నిమిషంలోనే నేను అతన్ని గుర్తించానని అనుకోవద్దు. నాకు చిరాకేసింది. అందరికీ హాయిగా పోయే దారి ఉంటే మొండిగా ముళ్లలో నడవడం ఎందుకనిపించింది. నిజం చెప్పడం కూడా ఒక రకం గర్వమేమో అనుకున్నాను.

కొబ్బరిబొండాలు

ఆ తర్వాత చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం సైదులు పేరు రాయించారు. ఆ వరుస చాలా పొడుగు. అప్పటిదాకా మిషనే దిక్కు.

బండి తెస్తానన్న మల్లేశ్ తెస్తూనే ఉన్నాడు. ఊరి నుంచి నల్గొండకు, నల్గొండ నుంచి ఊరికి. అతను దేవుడిలాంటి మనిషని చెప్పను. వచ్చినప్పుడల్లా ఏదో ఒక గొడవ. బెడ్డు ఆలస్యమైతే మామీద అరిచేవాడు. ఒకసారి కల్లు తాగి వస్తే గుమ్మం బయటే నిలబెట్టాను. బండి మీద అన్నతో కొట్లాడుకుంటూ వచ్చేవాడు. ఎప్పుడూ నీళ్ల గురించే. డయాలసిస్ వాళ్లకు తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి, కొలుచుకొని తాగాలి. మన నల్గొండ ఎండల్లో అది మాటలు కాదు. సైదులు దొంగతనంగా తాగేవాడు. బరువు చూసే మిషన్ ఎక్కిస్తే దొరికిపోయేవాడు.

"ఎంత తాగినవే?"

"రెండు గుక్కలు రా."

"గీ బరువు రెండు గుక్కలదా? నన్నేమన్న పిచ్చోన్ని అనుకుంటున్నవా?"

ఇదంతా అందరి ముందే. పెద్దవాణ్ని అట్లా అంటాడా అని మా పిల్లలు మూతి ముడిచేవారు.

ఒక ఎండాకాలం యాదగిరి మనుషులతో వచ్చాడు. ట్రాలీ ఆటోలో కొబ్బరిబొండాలు, అరటిగెల. వార్డులో అందరికీ పంచమన్నాడు. ఈ వార్డులో అవి విషమని కొత్తగా వచ్చే పిల్లలు మొదటి రోజే తెలుసుకోవాలి. వాటిలో ఉండే పొటాషియం ఉప్పు కిడ్నీ పనిచేయనివాడి ఒంట్లోంచి బయటికి పోదు. గుండె ఆగిపోతుంది. నేను చెప్పేలోపే యాదగిరి ఒక బొండాం కొట్టించి తమ్ముడి చేతికిచ్చాడు. పెదాలు ఎండిపోయి ఉన్న సైదులు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అంత దాహం.

మల్లేశ్ వచ్చి లాక్కున్నాడు. వాష్‌బేసిన్‌లో పారబోశాడు.

"కిడ్నీ ఇయ్యకపోతివి. గుక్కెడు నీళ్లు గూడ తాగనియ్యవారా?" అన్నాడు యాదగిరి.

"ఇవి తాగితే సస్తడే అన్నా. సిస్టర్‌ను అడుగు."

నేను అవునన్నాను. "ఒక్క బొండంతోని ఏమైతదమ్మా, పానం అడిగింది పెట్టకపోతే ఎట్ల?" అన్నాడు యాదగిరి. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు మల్లేశ్‌ను చూసిన చూపులో అసహ్యం ఉంది. సైదులు మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్లు పోయాక ఇస్మాయిల్ సాబ్ నన్ను దగ్గరికి పిలిచి, "సిస్టర్, పెద్దోడు తియ్యగ మాట్లాడ్తడు. చిన్నోడు వాసన చూసి తినబెడ్తడు" అన్నాడు.

తర్వాత యాదగిరి రావడం తగ్గింది. పండుగలకు వచ్చేవాడు. ఆ తర్వాత ఫోన్. కరోనా వచ్చి అన్నీ బంద్ అయినప్పుడు ఆయన ఫోన్ చేసి, "దవాఖానకు పోకు తమ్మీ, అంటుకుంటది. జర నిమ్మలమైనంక పో" అన్నాడట. ప్రేమగా చెప్పిన మాటే. ఆ మాట వింటే సైదులు వారం బతికేవాడు కాదు. మల్లేశ్ మొహానికి తువ్వాల చుట్టుకొని, ప్రతి నాకా దగ్గరా పోలీసులకు అన్న చేతి పట్టీ విప్పి డయాలసిస్ సూది గుర్తులు చూపించుకుంటూ తెచ్చాడు. కరోనాకు అతను భయపడలేదనుకున్నారా? వార్డు గుమ్మం ముట్టుకోవాలంటే వణికేవాడు. లోపలికి రాకుండా బయట ఎండలో నిలబడి, కిటికీలోంచి అన్నను చూసేవాడు.

సైదులు చెప్పిన మాట

ఆ రోజుల్లోనే ఒకనాడు వార్డులో పెద్దగా ఎవరూ లేరు. నేను సైదులు పక్కన బీపీ చూస్తున్నాను.

"తమ్ముని మీద కోపం పోయిందా?" అని అడిగాను. అడగకూడదు. కానీ ఏండ్లుగా చూసిన మనిషి.

"వాడు ఇయ్యనన్ననాడు శాన ఏడ్చిన సిస్టర్. మీకు కనబడకుంట. వాడు నాకంటె శాన చిన్నోడు. నేనే ఎత్తుకొని తిప్పిన."

"మరి?"

"మీరందరూ ఏం కాదు, ఏం కాదు అంటరు. డాక్టరు అంటడు, పెద్దన్న అంటడు, నా పెండ్లాం అంటది. మంచోళ్లే, నా మంచికే అంటరు. నాకు ఎవరిది నమ్మాల్నో తెలువదు. మల్లిగాడు ఒక్కడే, 'అన్నా, ఇయ్యాల నీ మొకం ఉబ్బింది, బాగలేవు, నడువు' అంటడు. గప్పుడు నేను లేస్త. బాగున్నవు అంటే నిజంగనే బాగున్న అనుకొని అన్నం తింట. ఇయ్యనని మొకం మీద చెప్పినోడు, ఇంక దేనికి అబద్ధమాడ్తడు?"

నేను బీపీ అంకె మర్చిపోయి మళ్లీ చూడాల్సి వచ్చింది.

ఇన్నేండ్ల ఉద్యోగంలో మనుషులను గుర్తుపట్టడం గురించి నాకు ఎవరైనా నేర్పింది ఉందంటే ఇదే. మంచితనం అంటే ఇవ్వడమే అనుకుంటాం. కిడ్నీ ఇచ్చినవాళ్లనూ చూశాను, వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ అందరూ ఇవ్వలేరు. ఇవ్వలేని చోట మనిషి ఏం చేస్తాడన్నది చూడండి. కాదన్న మాటను ఎదుట నిలబడి చెప్పగలిగిన మనిషి ఔనంటే దానికి విలువ ఉంటుంది. చెప్పిన తర్వాత మొహం చాటేయకుండా మర్నాడు మళ్లీ వస్తే, మందుల సంచి ఆ మనిషి చేతికివ్వండి. ఇది తెలియడానికి చాలా కాలం పడుతుంది. అడ్డదారి లేదు. నాకు దొరకలేదు.

యాదగిరిని చెడ్డవాడనకండి. భయపడటం నేరం కాదు. ఇద్దరికీ ఉన్నది ఒకటే భయం. ఆ చెంపదెబ్బ మాత్రం నేను మరిచిపోలేను.

దినాలనాడు

ఒక చలికాలం పొద్దున డ్యూటీకి వెళ్లి బెడ్లు సర్దిస్తుంటే మల్లేశ్ ఫోన్ చేశాడు.

"సిస్టర్, మేము ఇయ్యాల రాము. ఆ బెడ్డు ఎవరికన్న ఇయ్యుండ్రి."

అంతే. వెనక ఆడవాళ్ల ఏడుపు వినబడింది.

పేషెంట్ల ఇండ్లకు పోవడం నాకు అలవాటు లేదు. పోవడం మొదలుపెడితే మా వార్డు వాళ్లకు ఇంకో పని ఉండదు. సైదులు దినాలకు మాత్రం పోయాను. కట్టంగూర్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఇంటి ముందు షామియానా వేశారు. యాదగిరి కుర్చీలో కూర్చొని వచ్చినవాళ్లతో చెప్తున్నాడు.

"నాది పనికిరాదంటిరి డాక్టర్లు. ఏం జేస్తం? నాది కలిసుంటే నా తమ్ముడు ఇయ్యాల గిట్ల ఫోటోల ఉండకపోతుండె."

వినేవాళ్లు తలలూపుతున్నారు. కొందరు మల్లేశ్ వైపు చూస్తున్నారు. అతను కూర బకెట్ పట్టుకొని వడ్డిస్తున్నాడు. ఒక ముసలామె, మేనత్త అంట, విస్తరి ముందు కూర్చొని పైకి చూసి, "ఒక్కటి ఇస్తే బతికెటోడు గదరా" అంది. మల్లేశ్ ఆమెకు కూర వేసి ముందుకు నడిచాడు.

నాకు ఆగలేదు. రిటైర్‌మెంటు దగ్గరపడింది, ఒళ్లు అలిసిపోయింది, ఇంక ఈ మూత ఎందుకు పెట్టుకొని కూర్చోవాలనిపించింది. అతను వంటల దగ్గరికి బకెట్ నింపుకోవడానికి పోతే వెనకాలే పోయాను.

"మల్లేశ్, నీకొక మాట చెప్పాలె. మీ పెద్దన్నది..."

"చెప్పకుండ్రి సిస్టర్" అన్నాడు. గరిటెతో కూర తోడుతూనే ఉన్నాడు. "నాకు ఎరుకే."

"ఏం ఎరుక?"

"డాక్టరు నన్ను లోపట అడిగిండు గద, పనికిరాదని చెప్పాల్నా అని. నన్నడిగినోడు మా అన్నను అడుగకుంట ఉంటడా? ఆ తలుపు తీసుకొని బయటికొచ్చిన కాన్నుంచే నాకు ఎరుక."

"ఆయన నిన్ను కొట్టినప్పుడు కూడా?"

"గప్పుడు గూడ."

"మరి నోరెందుకు తెరవలేదు? ఇన్నేండ్లు ఊరంతా నిన్ను..."

అతను బకెట్ కింద పెట్టాడు. మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"నేను ఇయ్యనంటె సైదులన్న మొకం చూసిండ్రు గద మీరు. పెద్దన్న గూడ ఇయ్యనన్నడని తెలిస్తె ఇంకేం మిగులుతుండె ఆయనకు? పనికిరాలేదు గని నా అన్న ఇస్తనన్నడు అని అందరికి చెప్పుకునేటోడు. ఎంత సంబురంగ చెప్పుకునేటోడో. దాన్ని గుంజుకొని నేనేం జేసుకోవాలె?"

బకెట్ మళ్లీ చేతికి తీసుకున్నాడు.

"ఇస్తే బతుకుతుండెనేమో సిస్టర్. ఆ అత్త అన్నది తప్పేం కాదు. గది నన్ను ఇడిచిపెట్టది" అన్నాడు.

అదేం లేదు, నీ తప్పు లేదు అని అనబోయి ఆగిపోయాను. ఆ మనిషికి అట్లాంటి మాటలు చెప్పకూడదు.

"మల్లేశా! గీడ కూర రాలే!" అని పంక్తిలోంచి ఎవరో పిలిచారు. పోయాడు. నేను షామియానా గుంజ దగ్గర నిలబడ్డాను. ఈసారి పంక్తిలో యాదగిరి కూడా కూర్చున్నాడు. మల్లేశ్ ఒక్కొక్కరికే వేసుకుంటూ వచ్చి ఆయన ముందు వంగాడు.

"ఇంకింత ఏసుకో అన్నా. పొద్దుగాల్నుంచి ఏం తినకపోతివి."

యాదగిరి తలెత్తకుండా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మల్లేశ్ గరిటె పట్టుకొని అట్లాగే వంగి నిలబడ్డాడు. పక్కవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. కాసేపటికి ఆ చెయ్యి పక్కకు జరిగింది.